ఇంటి ఇంధన లేమిని కొలవడం ఎట్లా?

డబ్బా నిండుగా ఉన్నదని చూసి మన సంఘాలలో పాలకు వెల కట్టడం లేదు. వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం చూసిన తరువాతనే వెల నిర్ణయిస్తున్నాము. ఇంధనం విషయంలో మాత్రం ఇంటికి కరెంటు తీగ వచ్చినదా, గ్యాసు కనెక్షను ఉన్నదా అని అడిగి ఊరుకుంటున్నాము. ఇది డబ్బాను చూసి పాలు కొన్నట్లే.

వంటకు, వెలుతురుకు కావలసినంత ఇంధనం, భరించగల ఖర్చులో, ఆరోగ్యానికి చేటు లేకుండా ఒక కుటుంబానికి అందకపోవడమే ఇంధన లేమి.

కనెక్షను లెక్క చాలదు

2004 నాటి నిర్వచనం ప్రకారం బడి, పంచాయతీ కార్యాలయం వంటి చోట్లకు కరెంటు చేరి, 10 శాతం ఇళ్లకు అందితే చాలు, ఆ గ్రామానికి విద్యుదీకరణ జరిగినట్లే లెక్క. మిగిలిన 90 శాతం ఇళ్లు చీకటిలో ఉన్నా లెక్క మారదు.

గ్యాసు సంగతీ అంతే. 2016 మే 1న ప్రారంభమైన ఉజ్జ్వల యోజన కింద పది కోట్లకు పైగా పేద ఇళ్లకు కనెక్షన్లు అందినవి. ఇది మంచి పనే. కాని 2023-24లో ఈ ఇళ్లు తీసుకున్న బండలు సగటున ఏడాదికి నాలుగుకు మించలేదు. అయిదుగురున్న ఇంట వంటంతా గ్యాసు మీదనే చేస్తే 14.2 కిలోల బండ నెల, నెలన్నరకు మించి రాదు. మిగిలిన వంట కట్టెల మీద, పిడకల మీద జరుగుతున్నదన్నమాట.

ఖర్చు లెక్కలో చిక్కు

ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకొనడానికి ఆదాయంలో 10 శాతానికి మించి ఖర్చు చేయవలసి వచ్చే కుటుంబం ఇంధన పేద అని 1991లో ఇంగ్లండులో బ్రెండా బోర్డ్‌మన్ సూచించారు. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. లెక్కించవలసినది చేసిన ఖర్చు కాదు, చేయవలసిన ఖర్చు. కట్టెలు ఏరుకొని, ఒక పూట వండి రెండు పూటలు తినే ఒంటరి మహిళకు ఇంధన ఖర్చు దాదాపు సున్న. ఖర్చు పుస్తకం చూస్తే ఆమెకు ఏ కొరతా లేదు. నిజానికి అందరికంటె ఎక్కువ లేమి ఆమెదే.

అడగవలసిన ప్రశ్నలు

ఇంటి యజమానిని కాక, వంట చేసేవారిని అడగవలెను.

1. గత 12 నెలలలో ఎన్ని బండలు తీసుకున్నారు?
2. నిన్న ఏ పూట వంట దేని మీద చేశారు?
3. కట్టెలకు, పిడకలకు వారానికి ఎవరు ఎన్ని గంటలు వెచ్చిస్తున్నారు?
4. సాయంత్రం 6 నుండి 10 లోపల ఎన్ని గంటలు కరెంటు ఉంటున్నది? బిల్లు బకాయి వల్ల ఎన్నడైనా తీగ తీసివేశారా?
5. డబ్బు లేక పొయ్యి వెలిగించని పూటలు ఉన్నవా?

ఈ ప్రశ్నలు ఏడాదికి రెండుసార్లు అడగడం మంచిది. గేదె పాలిచ్చే కాలంలో బండకు డబ్బు ఉంటుంది. వట్టిపోయిన తరువాత పాల బిల్లు ఆగుతుంది, బండా ఆగుతుంది. ఒక్క గేదె ఉన్న ఇంట అసలు లేమి అప్పుడే బయటపడుతుంది.

కొలిచిన తరువాత

లేమిని బట్టి మందు మారుతుంది. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు సుమారు 25 కిలోల పచ్చి పేడ కావలెను. రెండు మూడు పశువులున్న ఇంటికి ఇది అనుకూలం. గ్యాసు పోగా మిగిలిన పేడనీరు పొలానికి ఎరువు. ఒక్క గేదె ఇంటికి అంత పేడ చాలదు. వారికి దాణా వెలవలెనే బండ వెలను కూడా పాల బిల్లులో చిన్న వాయిదాలుగా మినహాయించుకొనే ఏర్పాటును, వట్టిపోయిన నెలలలో వాయిదా ఆపడాన్ని పాలకవర్గాలు ఆలోచించవచ్చును.

ముందుగా మీ సంఘంలో తక్కువ పాలు పోసే పది ఇళ్లతో మొదలుపెట్టండి. లెక్కలు సమావేశంలో పెట్టండి. పేర్లు మాత్రం చదవకండి. లేమి చెప్పుకొన్నవారు నలుగురిలో తల దించుకొనే పరిస్థితి రాకూడదు.