చిట్టెలుక ఏడో రోజు

నేను ఇంటర్‌లో ఎంపీసీ. బయాలజీతో నా స్నేహం టెన్త్ క్లాసుతోనే అయిపోయింది. కిందటి సెమిస్టర్ మినీ ప్రాజెక్టులో మా టీమ్‌కి చిట్టెలుకల వీడియోలు వచ్చాయి. బోనులో తిరిగే చిట్టెలుక ముక్కు, చెవులు, తోక ఎక్కడున్నాయో ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ గుర్తుపట్టే ప్రోగ్రాం రాయాలి. దానికోసం పేపర్లు వెతుకుతుంటే ఒక టాపిక్ మాటిమాటికీ ఎదురైంది: కడుపుతో ఉన్న తల్లి ఒంట్లోకి ఆల్కహాల్ వెళ్తే పిల్లలకి ఏమవుతుంది? ప్రాజెక్టుకి అవసరం లేకపోయినా చదువుతూ పోయాను. అందులో అర్థమైంది మన బ్రాంచి వాళ్ళకి తెలిసే భాషలో ఇక్కడ రాస్తున్నాను.

"మన దగ్గర ఆడవాళ్ళు తాగరు కదా, మనకెందుకిది?" అని మీకు అనిపించొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో మద్యం తాగేవాళ్ళు 0.5 శాతం, మగవాళ్ళలో 23 శాతం. తెలంగాణలో ఆడవాళ్ళు సుమారు 7 శాతం, మగవాళ్ళు 43 శాతం. ఈ అంకెలు కాస్త గుర్తుంచుకోండి. చివర్లో వీటితో పని ఉంది.

ముందు మనుషుల్లో చూశారు

1968లో ఫ్రాన్స్‌లోని నాంత్ ఊళ్ళో పాల్ లెమ్వాన్ అనే డాక్టరు, తాగే తల్లిదండ్రులకి పుట్టిన 127 మంది పిల్లల గురించి రాశాడు. ఫ్రెంచిలో రాయడం వల్ల పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ 8 మంది పిల్లల గురించి రాశారు. ఎనిమిది మందీ ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళు, వేరువేరు జాతులవాళ్ళు. ముఖాల్లో మాత్రం ఒకే పోలిక. చిన్న కళ్ళు, పలచని పై పెదవి, ముక్కు కింద ఉండే సన్నని గాడి దాదాపు కనపడకపోవడం. ఎదుగుదల తక్కువ, చదువు ఎక్కదు. అందరి తల్లులూ బాగా తాగేవాళ్ళే. దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

అయితే ఇక్కడో చిక్కు. బాగా తాగే తల్లి సరిగ్గా తినకపోవచ్చు, పొగ తాగొచ్చు, ఇంట్లో డబ్బు లేకపోవచ్చు. తప్పు ఆల్కహాల్‌దా, ఆకలిదా? తేల్చుకోవాలంటే కొందరు గర్భిణులకి మందు పోసి, కొందరికి పోయకుండా చూడాలి. అలాంటి పని ఎవరూ చెయ్యరు, చెయ్యకూడదు. అందుకే చిట్టెలుక దగ్గరికి వెళ్ళారు.

ఏడో రోజు ఏం జరిగింది

చిట్టెలుక గర్భం సుమారు 19, 20 రోజులే. మనిషికి తొమ్మిది నెలల్లో జరిగే పనిలో ఎక్కువ భాగం అక్కడ మూడు వారాల్లో అయిపోతుంది. పిండంలో ఏ రోజు ఏం తయారవుతుందో కేలండర్‌లా తెలుసు.

1981లో అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో క్యాథలీన్ సులిక్ బృందం గర్భంతో ఉన్న చిట్టెలుకలకి ఏడో రోజున, నాలుగు గంటల తేడాతో రెండు డోసుల ఆల్కహాల్ ఇచ్చింది. ఆ ఒక్కరోజే. తర్వాత పిండాల ముఖాలు చూస్తే చిన్న కళ్ళు, గాడి లేని పొడవైన పై పెదవి. సియాటిల్ పిల్లల్లో చూసిన గుర్తులే.

ఏడో రోజుకి పిండం అంటే కొన్ని పొరల కణాలు, అంతే. ముఖమూ లేదు, మెదడూ లేదు. కానీ ఆ రెండూ ఎక్కడ రావాలో నిర్ణయమయ్యేది అప్పుడే. ముందు భాగంలో, సరిగ్గా మధ్య గీత మీద ఉన్న కణాలు కొన్ని ఆల్కహాల్ వల్ల చచ్చిపోతాయి. ముఖం మధ్య భాగమూ, మెదడు ముందు భాగమూ ఆ పక్క పక్క కణాల నుంచే రావాలి కాబట్టి రెండూ కలిసి దెబ్బ తింటాయి.

మాయ అడ్డుకోదా అంటే, ఆల్కహాల్ చాలా చిన్న అణువు, మాయను సులువుగా దాటేస్తుంది. పిండం లివర్‌కి దాన్ని విరగ్గొట్టే శక్తి దాదాపు లేదు. గర్భం పెరిగాక ఉమ్మనీటిలో కూడా చేరి కొంతసేపు అక్కడే నిలవ ఉంటుంది.

చిట్టెలుక ఏడో రోజు మనిషి గర్భంలో సుమారు మూడో వారంతో సమానం. మన భాషలో గర్భం వచ్చిందనడానికి "నెల తప్పింది" అంటాం. ఆ మూడో వారం అంటే, నెల తప్పిందా లేదా అని ఇంకా అనుమానంగా ఉండే రోజులు. మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలు 12 వారాల లోపు పేరు నమోదు చేయించమని తిరుగుతారు. అది మంచి పనే. కానీ పేరు రాసేసరికి ముఖం పని అయిపోయి ఉంటుంది. తల్లికి తెలియకముందే జరిగిపోయేదానికి తల్లిని నిలబెట్టి అడగడంలో అర్థం లేదు. చెప్పాల్సింది ముందే, ఇద్దరికీ చెప్పాలి.

డేటా వాళ్ళకి రెండు పాఠాలు

ఈ ప్రయోగాల్లో నాకు బాగా నచ్చినవి రెండు జాగ్రత్తలు.

ఒకటి. ఆల్కహాల్‌లో కేలరీలు ఉంటాయి. అది తాగిన చిట్టెలుక మేత తగ్గిస్తుంది. కాబట్టి పోలిక కోసం పెట్టిన చిట్టెలుకకి కూడా అంతే మేత కొలిచి పెడతారు, ఆల్కహాల్ కేలరీల బదులు పిండిపదార్థం కలుపుతారు. అప్పుడు రెండిటికీ తేడా ఆల్కహాల్ ఒక్కటే. ఇందాకటి ఆకలి ప్రశ్నకి జవాబు దొరికేది ఇలా.

రెండు. ఒక తల్లికి 8 పిల్లలు పుడితే అవి 8 డేటా పాయింట్లు కావు. అన్నీ ఒకే గర్భం, ఒకే రక్తం పంచుకున్నాయి. లెక్కలో తల్లి ఒక్కటే ఒక యూనిట్. మన మెషీన్ లెర్నింగ్‌లో ఒకే తల్లి పిల్లల్ని ట్రైన్ సెట్‌లో కొన్ని, టెస్ట్ సెట్‌లో కొన్ని పెడితే ఏమవుతుంది? డేటా లీకేజ్. అక్యురసీ మాత్రం అదిరిపోతుంది, మోడల్ పనికిరాదు. మా ప్రాజెక్టులో వీడియోలని తల్లి నంబరు చూసి విడగొట్టింది అందుకే.

పుట్టాక కూడా కథ ఉంది

చిట్టెలుకలూ, పెద్ద ఎలుకలూ మెదడు పూర్తిగా తయారవకముందే పుట్టేస్తాయి. వాటి మొదటి పది రోజులు మనిషి గర్భంలో చివరి మూడు నెలల్లాంటివి. 2000లో జాన్ ఓల్నీ, క్రిసాంతీ ఇకొనొమిడూ బృందం ఏడు రోజుల ఎలుక పిల్లలకి ఆల్కహాల్ ఇస్తే మెదడులో న్యూరాన్లు పెద్ద ఎత్తున తమంతట తామే చచ్చిపోయాయి. ముఖం మామూలుగానే ఉంటుంది, మెదడు మాత్రం దెబ్బ తింటుంది. ముఖం చూసి "ఏమీ లేదులే" అనుకోవడానికి లేదన్నమాట. క్లాసులో కుదురుగా కూర్చోలేని, చెప్పింది మర్చిపోయే పిల్లాణ్ణి మనం మొద్దు, మొండి అనేస్తాం. కొందరి విషయంలో కారణం వాడు పుట్టకముందుది కావచ్చు.

ఇందులోనే మంచి కబురు కూడా ఉంది. మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఏ నెలలో మానేసినా మిగిలిన నెలలు కలిసొస్తాయి. అన్నా క్లింట్సోవా, విలియం గ్రీనో ఇలా దెబ్బ తిన్న ఎలుకలకి పెద్దయ్యాక అడ్డంకులు దాటే శిక్షణ ఇచ్చారు. నడక, తూకం మెరుగయ్యాయి, చిన్న మెదడులో కొత్త కనెక్షన్లు పెరిగాయి. పోయిన కణాలు తిరిగి రావు, కానీ ఓపిగ్గా నేర్పిస్తే ఉన్నవి ఇంకా అల్లుకుంటాయి.

ఇప్పుడు ఆ అంకెల దగ్గరికి

ఆడవాళ్ళు 0.5, మగవాళ్ళు 23. పాడేరు, అరకు వైపు జీలుగు కల్లు పండగలకీ పెళ్ళిళ్ళకీ ఆడా మగా కలిసి తాగే అలవాటు ఉంది, వాళ్ళకి ఏడో రోజు సంగతి వాళ్ళ మాటల్లో చెప్పాలి. ఇటు బీచ్ రోడ్డు పార్టీలకి వెళ్ళే మన వయసువాళ్ళకీ చెప్పాలి. కానీ లెక్కలో అసలు బరువు మగవాళ్ళ వైపే ఉంది.

2023లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో మైకేల్ గోల్డింగ్ బృందం ఆ వైపు చూసింది. మగ చిట్టెలుకలకి ఆల్కహాల్ ఇచ్చి, చుక్క కూడా తాగని ఆడవాటితో జత కలిపారు. పుట్టిన పిల్లల తల, ముఖం కొలతల్లో తేడాలు వచ్చాయి. డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే, ఏ జీన్ ఎంత పనిచెయ్యాలో చెప్పే గుర్తులు వీర్యకణాల్లో మారుతున్నాయని వాళ్ళ వివరణ. సోర్స్ కోడ్ అదే, కాన్ఫిగ్ ఫైల్ మారిందనుకోండి. మనుషుల్లో ఇది ఇంకా ఇంత గట్టిగా తేలలేదు. అయినా ఒక్క మాట: మనిషిలో వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. పిల్లలు కావాలనుకునే మగాడు కనీసం మూడు నెలల ముందు నుంచీ మానేస్తే పోయేదేముంది?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగారు. ఆ ఉద్యమమే పెరిగి 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది. మొగుడి తాగుడు కూలి డబ్బుల్ని, కూడుని, ఒంటిని ఎలా తింటుందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. కడుపులో బిడ్డ దాకా అది వెళ్ళొచ్చని ఇప్పుడు చిట్టెలుకలు చెబుతున్నాయి.

అమెరికాలో 1989 నుంచి ప్రతి సీసా మీద గర్భిణులు తాగితే బిడ్డకి లోపాలు రావొచ్చని రాస్తున్నారు. మన సీసాల మీద 2018 నాటి నిబంధనల ప్రకారం ఉండేది ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు అనే రెండు మాటలే. బిడ్డ ఊసు లేదు. లేబుల్ మారేదాకా ఆ మాట మనమే చెప్పాలి. గాజువాకలో షిఫ్టు దిగి వైన్ షాపు దగ్గర ఆగే అన్నకి, కొత్తగా పెళ్ళైన మన సీనియర్‌కి, అక్కకి, బావకి. అక్కకి చెప్పినప్పుడు బావ కూడా పక్కనే ఉండేలా చూసుకోండి.