కట్ చేసినా అసలు టైంకోడ్ పోకూడదు



నేతన్నల ఇంటర్వ్యూలు ఎడిట్ చేసి మళ్లీ డీవీక్యామ్ టేపు మీదికి ఎక్కించి ఇమ్మన్నారని రాశావు. ఎక్కించాక చూస్తే షాట్ల అసలు టైంకోడ్ పోయి సున్నా నుంచి కొత్త లెక్క మొదలైందనీ, సాఫ్ట్‌వేర్‌లో ఏ సెట్టింగ్ పెడితే పాతదే వస్తుందనీ అడిగావు. అలాంటి సెట్టింగ్ లేదమ్మా. ఎందుకు లేదో తెలిస్తే ఏం చేయాలో నీకే తోస్తుంది.

టైంకోడ్‌ను గడియారం అనుకోకు. అది ఒక్కో ఫ్రేముకు ఇచ్చిన చిరునామా. మనది పాల్ పద్ధతి కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, గంటకు 90,000. డీవీ కెమెరా ఒక్కో ఫ్రేమును టేపు మీద 12 ట్రాకులుగా రాస్తుంది. ప్రతి ట్రాకులోనూ బొమ్మకు, శబ్దానికి కేటాయించిన చోటు కాక సబ్‌కోడ్ అని ఓ చిన్న భాగం ఉంటుంది. నంబరు ఉండేది అక్కడ. బొమ్మను కొత్త టేపు మీదికి ఎక్కించేటప్పుడు ఆ సబ్‌కోడ్‌ను రికార్డు చేసే డెక్కు తన లెక్క ప్రకారం కొత్తగా రాసుకుంటుంది. డీవీ కేబులులో పంపితే, కంప్యూటర్ వైపు నంబరు ఏదైనా సరే, చాలా డెక్కులు పట్టించుకోవు.

పోనీ, పాత నంబర్లనే రాసిందనుకో. నీ మొదటి షాట్ నాలుగో టేపులో 12వ నిమిషం, రెండోది ఒకటో టేపులో 31వ నిమిషం, మూడోది మళ్లీ నాలుగో టేపులో 5వ నిమిషం. మాస్టర్ టేపు మీద ప్రతి కట్ దగ్గరా నంబర్లు ముందుకూ వెనక్కూ గెంతుతాయి. డెక్కు ఒక చోటును వెతికేది నంబర్లు వరసగా పెరుగుతూ పోతాయన్న నమ్మకంతో. పైగా ఆ చోటుకు ఐదారు సెకన్లు వెనక్కి వెళ్లి, అక్కణ్నుంచి వేగం అందుకుని వస్తుంది. ఆ ప్రీరోల్‌లో నంబరు తెగిందంటే డెక్కు తికమకపడి ఆగిపోతుంది. అలాంటి టేపు నుంచి ఒక్క షాటైనా సరిగ్గా తీసుకోవడం ఎవరికైనా తలనొప్పే. అందుకే మాస్టర్ టేపుకు ఎక్కడా తెగని కొత్త నంబరు ఉండి తీరాలి. ఇల్లు మారితే డోరు నంబరు మారుతుంది, పాత చిరునామా కాగితాల్లో ఉంటుంది. ఇక్కడా అంతే.

ఆ కాగితం పేరు ఈడీఎల్, అంటే ఎడిట్ డెసిషన్ లిస్ట్. నీ టైమ్‌లైన్‌ను సీఎంఎక్స్ 3600 పద్ధతిలో ఈడీఎల్‌గా తీయి, నోట్‌ప్యాడ్‌లో తెరువు. ఒక్కో కట్‌కు ఒక్కో వరస కనిపిస్తుంది. ముందు వరస సంఖ్య, తర్వాత టేపు పేరు, ఆపైన నాలుగు నంబర్లు. ఇలా ఉంటుంది: టేపు 04, 04:12:08:15, 04:12:31:02, 10:02:05:00, 10:02:27:12. మొదటి రెండూ అసలు టేపులో ఆ మాట మొదలైన చోటు, ముగిసిన చోటు. తర్వాతి రెండూ నీ మాస్టర్‌లో అదే మాట ఉన్న చోటు. తీసివేసి చూడు, రెండు జతల్లోనూ 22 సెకన్ల 12 ఫ్రేములే వస్తుంది. రాకపోతే ఆ షాట్ వేగం మార్చి ఉండాలి, లేదా ఎక్కడో తేడా జరిగి ఉండాలి. ప్రతి వరసా ఇలా చూడడం విసుగే కానీ, చూడు.

ఇదంతా ఎందుకంటే, ఆ ఇంటర్వ్యూలను మాట పొల్లుపోకుండా రాయించి, మార్జిన్‌లో టేపు నంబరు, టైంకోడ్ వేయించారన్నావు కదా. రేపు ఎవరో పరిశోధకుడు నీ సినిమాలో ఓ నేతన్న మాట వింటాడు. "మగ్గం అమ్మేశాను" అన్న దగ్గర నువ్వు కట్ చేశావు. ఆయన ఆ వెంటనే "మళ్లీ రెండేళ్లకు కొనుక్కున్నాను" అని ఉండొచ్చు. నిడివి కోసం నువ్వు తీసేసి ఉండొచ్చు, అందులో తప్పు లేదు. కానీ ఆ ముందూ వెనకా ఏముందో వెతుక్కునే దారి అతనికి ఉండాలి, అసలు మాట్లాడిన మనిషి పట్ల మనకున్న బాధ్యత అది. కట్ చేయడం మన హక్కు అనుకునే ఎడిటర్లకు ఈ సంగతి అంత త్వరగా ఎక్కదు.

అందుకని మాస్టర్‌తో పాటు ఇంకో వీక్షణ కాపీ తీయి. అందులో అసలు టేపు పేరు, అసలు టైంకోడ్ బొమ్మ అడుగున నల్ల పట్టీ మీద కనిపించేలా బర్న్ చేయి. ప్రీమియర్‌లో టైంకోడ్ ఎఫెక్ట్‌ను ఒక్కో క్లిప్ మీద వేసి, మూలం మీడియా అని ఎంచుకుంటే అసలు టైంకోడ్ వస్తుంది. మాస్టర్ మీద మాత్రం ఎప్పుడూ బర్న్ చేయకు. అక్కడ వేసింది ఇక చెరపలేం.

కట్ లేకుండా పూర్తి ఇంటర్వ్యూను భద్రపరచడానికి ఎక్కించేటప్పుడు సంగతి వేరు. అప్పుడు పాత నంబరు అలాగే రావాలి, వస్తుంది కూడా. ఇంటర్వ్యూ 04:00:30:00 దగ్గర మొదలైందనుకో. సీక్వెన్స్ ఆరంభాన్ని ఆ నంబరుకే మార్చు. డెక్కులో టైంకోడ్ ప్రీసెట్ మీద పెట్టి 03:59:00:00 ఇవ్వు, రన్ పద్ధతి రెక్ రన్‌లో ఉండనీ. ఈ స్విచ్‌లు కొన్ని డెక్కుల్లో ముందు మూత కింద, కొన్నింటిలో మెనూలో ఉంటాయి. రెండు నిమిషాల నలుపు రికార్డు చేసి, ప్రీసెట్ నుంచి రీజెన్‌కు మార్చు. ఇక డెక్కు ఆ నలుపు మీది లెక్కనే కొనసాగిస్తుంది. ఇన్ పాయింట్ 04:00:30:00 ఇచ్చి అసెంబుల్ ఎడిట్ చేయి. ప్రీరోల్‌కు కావలసినంత నలుపు వెనక ఉంది కాబట్టి డెక్కు తడబడదు. అసలు టేపులో మధ్యలో నంబరు తెగి ఉంటే ఆ ముక్కలను కలపకు, తెగిన చోట ఇంకో టేపు మొదలుపెట్టు. ఎడిట్ చేసిన మాస్టర్‌కూ ఇదే పద్ధతి, నలుపు మాత్రం 09:58:30:00 నుంచి, కార్యక్రమం 10:00:00:00 నుంచి.

షూటింగ్ వాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పు. గంటల అంకెను టేపు సంఖ్యగా పెట్టమను, మొదటిది 01 నుంచి, రెండోది 02 నుంచి. అన్నీ సున్నాతో మొదలైతే ఈడీఎల్‌లో ఏది ఏ టేపో క్యాప్చర్‌లో రాసిన పేరు ఒక్కటే చెప్పాలి, ఆ పేరు రాయడం ఎవరైనా మరిచిపోతే అంతే సంగతులు. ఫ్రీ రన్‌లో రోజు గడియారం ప్రకారం తీసేవాళ్లు అర్ధరాత్రి దాటేముందు టేపు మార్చాలి. 23:59:59:24 తర్వాత సున్నా వస్తే డెక్కుకు అదీ వెనక్కి గెంతడమే.

అమెరికాలో మనవాళ్లు తీసి పంపిన టేపు ఒకటి ఉందన్నావు. అది ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు 29.97 ఫ్రేములు. డ్రాప్ ఫ్రేమ్ లెక్కలో పదో నిమిషాలు మినహా ప్రతి నిమిషం మొదట రెండు నంబర్లు దాటేస్తారు, గంటకు 108. దాటేసేది నంబర్లే, బొమ్మలు కావు. దాన్ని 25కు మార్చాక పాత నంబర్లు కొత్త ఫ్రేములకు ఒకదానికొకటి సరిపోవు. కాబట్టి మార్చకముందే దాని లాగ్ షీటు విడిగా రాసి, మార్చిన కాపీకి వేరే టేపు పేరు పెట్టు.

అంతా అయ్యాక ఈడీఎల్‌లోంచి ఏవో మూడు వరసలు తీసుకో. మాస్టర్‌ను, అసలు టేపును రెండు డెక్కుల్లో ఆ నంబర్ల దగ్గర ఆపి, బొమ్మ ఫ్రేముతో సహా ఒకటేనా అని చూడు. కుదిరితే ఈడీఎల్ అచ్చు తీసి క్యాసెట్టు పెట్టెలోనే మడిచి పెట్టు. లేబులు మీద మాస్టర్ ఆరంభ నంబరు, అసలు టేపుల సంఖ్యలు, 25 ఫ్రేములు అన్న సంగతి పెన్నుతో రాయి.

ఉంటాను,
మామయ్య