పాత కారుకి ఏ పార్టు వేయించాలి? ఏజెన్సీదా, బయటిదా?

మస్కట్ ఘలా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ గ్యారేజీకి వెళ్లినా, బానెట్ ఎత్తి చూసిన మెకానిక్ కాసేపటికి అడిగే ప్రశ్న ఒకటే: "సార్, అస్లీ డాలూఁ యా కమర్షియల్?" అంటే కంపెనీది వేయనా, బయటిదా అని. పాత కారు కొత్తగా కొన్నవాళ్లు ఇక్కడే తడబడతారు. రెండు ధరల మధ్య తేడా ఒక్కోసారి రెట్టింపు దాటుతుంది. భయపడి అన్నీ ఏజెన్సీవే వేయిస్తూ పోతే బండి విలువ కంటే రిపేర్ల ఖర్చు ఎక్కువవుతుంది. అన్నీ చవకవే వేయిస్తే ఎండాకాలం మధ్యలో బండి ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఆగుతుంది.

బండి మొత్తానికి ఒకే జవాబు ఉండదు. ప్రతి పార్టు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది నడిరోడ్డు మీద పాడైతే ఏమవుతుంది? దీన్ని మళ్లీ విప్పాల్సి వస్తే లేబర్ ఎంతవుతుంది? మొదటిదానికి జవాబు ప్రాణం మీదికి వచ్చేదైనా, రెండోదానికి జవాబు పెద్ద మొత్తమైనా మంచి పార్టు వేయించాలి. రెండూ కాకపోతే బయటిది వేయించుకోవడంలో తప్పేమీ లేదు. ఇక వరుసగా ఏం చేయాలో చూద్దాం.

మొదటి పని: బండి ఎక్కడిదో తెలుసుకోండి

ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) తీసి ఛాసిస్ నంబర్ చూడండి. అందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటిది జె అయితే బండి జపాన్‌లో, కె అయితే కొరియాలో, 1, 4, 5లలో ఏదైనా అయితే అమెరికాలో తయారైంది. 6 అయితే ఆస్ట్రేలియా. గల్ఫ్‌లో తిరిగే పాత క్యామ్రీలలో చాలావాటికి ఈ 6 కనిపిస్తుంది. మెల్‌బోర్న్ దగ్గరి ఆల్టోనా ప్లాంటు నుంచి టయోటా వాటిని ఇటు ఎగుమతి చేసేది. ఆ ప్లాంటు 2017 అక్టోబర్‌లో మూతపడింది.

ఇది అవసరం లేని సమాచారమని వదిలేయకండి. గల్ఫ్ మోడల్ బండికి వేడిని తట్టుకునేలా రేడియేటర్, ఏసీ వేరుగా అమరుస్తారు. వాడిన అమెరికన్ బండ్లు ఒమన్‌కి చాలానే దిగుమతి అవుతాయి. అవి చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా లోపలి పార్టులు చాలాచోట్ల కలవవు. అలాంటి బండికి షాపువాడు కారు పేరు, సంవత్సరం మాత్రమే విని పార్టు ఇచ్చాడంటే అది బిగించే సమయానికి సరిపోకపోవచ్చు.

రెండో పని: పార్ట్ నంబర్ చేతిలో పెట్టుకోండి

ఛాసిస్ నంబర్ చెబితే ఏజెన్సీ పార్ట్స్ కౌంటర్‌లో కచ్చితమైన పార్ట్ నంబర్, ధర చెబుతారు. ఒమన్‌లో టయోటాకి సౌద్ బహ్వాన్, నిస్సాన్‌కి సుహైల్ బహ్వాన్ ఏజెన్సీలు. ధర అడిగినంత మాత్రాన కొనాల్సిన పని లేదు. బయట బేరమాడేటప్పుడు మీ చేతిలో ఉండే కొలబద్ద ఆ ధరే.

టయోటా నంబర్లో అంకెలు, అక్షరాలు కలిపి పది, మధ్యలో గీత ఉంటాయి. మొదటి అయిదు అది ఏ రకం పార్టో చెబుతాయి: 04465 ముందు బ్రేక్ ప్యాడ్లు, 04466 వెనక ప్యాడ్లు, 48510 ముందు షాక్ అబ్జార్బర్, 90915 ఆయిల్ ఫిల్టర్. తర్వాతి అయిదు మీ మోడల్‌కి సంబంధించినవి. కంపెనీ కొన్ని నంబర్లను తర్వాత మారుస్తుంది కాబట్టి పాత డబ్బా మీది నంబరుకీ కొత్తదానికీ తేడా కనిపిస్తే కంగారుపడకుండా కౌంటర్‌లో అడగండి.

మూడో పని: షాపులో ఉండే రకాలు తెలుసుకోండి

ఒకటి, కంపెనీ డబ్బాలో వచ్చే జెన్యూన్. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కార్ల కంపెనీ తన పార్టులన్నీ తానే తయారు చేయదు. టయోటాకి ఏసీ కంప్రెసర్లు, స్పార్క్ ప్లగ్గులు డెన్సో చేస్తుంది, వాటర్ పంపులు, క్లచ్‌లు ఐసిన్ చేస్తుంది. వీళ్లు అవే రకం పార్టులను తమ సొంత డబ్బాలో కూడా అమ్ముతారు. ఇది రెండో రకం. మార్కెట్లో ఓఈఎం అంటారు. పాత కారు ఉన్నవాళ్లకి చాలాసార్లు సరైన జవాబు ఇదే. ధర ఏజెన్సీ కంటే తక్కువ, తయారీ అదే చేతులది. షాపులోకి వెళ్లి "అస్లీ కావాలా, కమర్షియల్ కావాలా" అన్న ప్రశ్నకి లొంగిపోకుండా "డెన్సోది ఉందా? ఐసిన్‌ది ఉందా?" అని కంపెనీ పేరు పెట్టి అడగండి. బేరింగులకి కోయో, ఎన్‌ఎస్‌కే, ఎన్‌టీఎన్, షాక్‌లకి కేవైబీ, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లకి జపాన్ 555, ప్లగ్గులకి ఎన్‌జీకే, బెల్టులకి బాండో, మిత్సుబోషి, గేట్స్. ఈ పేర్లు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. షాక్ అబ్జార్బర్ల లాంటివాటిలో మాత్రం అదే కంపెనీ బయట అమ్మేది కాస్త గట్టిగానో మెత్తగానో ఉండవచ్చు. అందుకే ఎప్పుడూ రెండు పక్కలా కలిపి మార్పించాలి.

మూడో రకం కమర్షియల్. అరబ్బులు తిజారీ అంటారు. ఇందులో మంచి పేరున్న కంపెనీలూ ఉన్నాయి, పేరే లేనివీ ఉన్నాయి. నాలుగోది స్క్రాప్, అంటే పాత బండ్ల నుంచి విప్పిన సామాను. షార్జా నుంచి కూడా తెప్పిస్తుంటారు. నకిలీని మాత్రం నేను రకంగా లెక్కపెట్టను. అది మోసం.

నాలుగో పని: ఏది ఎక్కడ అని తేల్చుకోండి

మొదట బ్రేకుల సంగతి. బౌషర్ నుంచి అమరాత్ వెళ్లే కొండ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లకి దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. దిగుడులో బ్రేకు వాడేకొద్దీ ప్యాడ్ వేడెక్కుతుంది, నాసిరకం ప్యాడ్ వేడిలో పట్టు వదిలేస్తుంది. ప్యాడ్ అంచున కానీ వెనక రేకు మీద కానీ సన్నని అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది, దాని చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు: ఎఫ్ఎఫ్, ఎఫ్ఈ, జీజీ ఇలా. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టునీ, రెండోది బాగా వేడెక్కాక ఉండే పట్టునీ చెబుతాయి. ఈ (E) అంటే 0.25 నుంచి 0.35 ఘర్షణ, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. కాబట్టి ఎఫ్ఎఫ్ ఉన్న ప్యాడ్ వేడిలోనూ అదే స్థాయిలో పట్టి ఉంటుంది, ఎఫ్ఈ ఉన్నదానికి పట్టు తగ్గుతుంది. కొండ దిగేవాళ్లు రెండో అక్షరమే చూసుకోవాలి. వృత్తంలో E అక్షరం, అంకె ఉన్న యూరప్ ఆమోదముద్రతో పాటు ఆర్90 అని కనిపిస్తే ఇంకా మంచిది. ఒరిజినల్ ప్యాడ్ పనితీరుకి 15 శాతం అటూ ఇటూ దాటకూడదన్నది ఆ నిబంధన. ఏ కోడూ లేని ప్యాడ్ ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి. ప్యాడ్ ఎంత మంచిదైనా కొండ దిగేటప్పుడు చిన్న గేర్ వేయడం మానకండి.

ఎయిర్‌బ్యాగ్ సంగతిలో బేరమే లేదు. స్క్రాప్ ఎయిర్‌బ్యాగ్ ఎవరు ఇచ్చినా బిగించనివ్వకండి. పైగా మీది పాత బండి అయితే అది తకాటా రికాల్‌లో ఉందేమో ఏజెన్సీకి ఛాసిస్ నంబర్ చెప్పి తప్పకుండా చూపించుకోండి. ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, పేలినప్పుడు ఇనుప ముక్కల్ని డ్రైవర్ మీదికి విసిరింది. ఆటోమొబైల్ చరిత్రలోనే అతి పెద్ద రికాల్ అది. వేడీ తేమా రెండూ ఉన్న మస్కట్ లాంటి సముద్రతీరం సరిగ్గా ఆ ప్రమాదం ఎక్కువయ్యే వాతావరణం. రికాల్ పని ఉచితం. బండి రెండో చేతిదైనా, మూడో చేతిదైనా ఉచితమే. ఈ ఒక్క ఫోన్ వాయిదా వేయకండి.

స్టీరింగ్, సస్పెన్షన్ బాల్ జాయింట్లు కూడా ప్రాణం లెక్కలోకే వస్తాయి. ఓఈఎం లేదా పేరున్న జపాన్‌ది వేయించాలి.

ఇక వేడి లెక్క. కూలింగ్ పాడైతే ఇంజిన్ హెడ్ వంగే ప్రమాదం ఉంది కాబట్టి రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు, హోసులు మంచివి వేయించండి. రేడియేటర్ మూత చిన్నదే. కానీ కూలెంట్ మరగకుండా ఒత్తిడిని పట్టి ఉంచేది అదే. దాని మీద 0.9, 1.1 లాంటి అంకె ఉంటుంది. మీ బండికి కంపెనీ చెప్పిన అంకె ఉన్నదే, కంపెనీదే కొనండి. ఇంత చిన్న వస్తువులో పొదుపు చూసుకుని ఇంజిన్ పోగొట్టుకోకూడదు. ఇంజిన్ మౌంటులు, బుష్‌ల విషయంలోనూ చవక రబ్బరు ఇక్కడి ఎండకి త్వరగా గట్టిపడి పగుళ్లు ఇస్తుంది.

ఏసీ కంప్రెసర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఒమన్‌లో పాత కారుకి వచ్చే పెద్ద బిల్లుల్లో ఇదొకటి. కంప్రెసర్ లోపల అరిగి విరిగితే లోహపు రజను పైపులన్నిటికీ పాకుతుంది. అప్పుడు కంప్రెసర్ ఒక్కటే మార్చి ఊరుకుంటే ఆ రజనే కొత్తదాన్నీ తింటుంది. పైపులు ఫ్లష్ చేయాలి, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చాలి, కండెన్సర్‌ని కడగడమో మార్చడమో చేయాలి, కంప్రెసర్ మీద రాసిన రకం ఆయిలే పోయాలి. ఈ పనంతా చేయని గ్యారేజీలో ఏజెన్సీ కంప్రెసర్ కూడా నిలవదు. ఇంత పనికి లేబర్ ఎలాగూ గట్టిగానే అవుతుంది కాబట్టి పేరు లేని కంప్రెసర్ వేయించి మళ్లీ అదంతా విప్పించడం నష్టం. డెన్సో లాంటి ఓఈఎం కొత్తది దొరికితే అదే ఎంచుకోండి.

టైమింగ్ బెల్ట్ కూడా ఇదే కోవ. వీ6 పెట్రోల్ పజెరోల్లాంటివాటిలో చెయిన్ ఉండదు, బెల్టే. బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి మార్పించేస్తే లేబర్ ఒక్కసారే పడుతుంది.

బయటివి నిస్సంకోచంగా వేయించుకోదగ్గవి: బంపర్లు, అద్దాల కప్పులు, డోర్ హ్యాండిళ్లు, వైపర్లు, ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్. ఇసుక గాలులున్న ఊళ్లో ఈ ఫిల్టర్లు త్వరత్వరగా మార్చడం ముఖ్యం, ఏ పెట్టెలోంచి వచ్చిందన్నది తర్వాత. లైట్లకి తైవాన్ డెపో, టీవైసీ బాగుంటాయి. ఆయిల్ ఫిల్టర్ మాత్రం జెన్యూన్‌దే కొనండి, ధరలో తేడా చాలా తక్కువ. స్క్రాప్‌లో డోర్, సీటు, స్టీరియో, విండో స్విచ్ ధైర్యంగా కొనవచ్చు. కంపెనీ తయారీ ఆపేసిన ప్లాస్టిక్ ముక్కలకి అసలు దారే అది.

అయిదో పని: ఎన్నాళ్లు ఉంచుకుంటారో లెక్క వేయండి

ఊహకి ఒక పార్టు ఏజెన్సీలో 30 రియాళ్లు, బయట 12 అనుకుందాం. బిగించడానికి లేబర్ 20. మంచిది నాలుగేళ్లు నిలిచి, చవకది రెండేళ్లకే పోతే నాలుగేళ్లలో మొదటిదానికి 50, రెండోదానికి 64 అవుతుంది. లేబర్ 5 రియాళ్లే అయితే లెక్క మారుతుంది: 35, 34. అంటే తేడా దాదాపు లేదు. వచ్చే ఏడు ఫైనల్ ఎగ్జిట్ పెట్టి ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ప్రాణానికి సంబంధం లేనివాటిలో బయటివి వేయించుకోవచ్చు. పిల్లలు బౌషర్ ఇండియన్ స్కూల్లో చదువు పూర్తిచేసేదాకా ఉండేవాళ్ల లెక్క వేరు.

ఆరో పని: నకిలీని పట్టుకోండి

ఏజెన్సీ ధరలో నాలుగో వంతుకే "అస్లీ" అంటే అనుమానించండి. డబ్బా మీది నంబరు, లోపల పార్టు మీది నంబరు ఒకటేనా చూడండి. అక్షరాలు మసకగా ఉన్నాయా, స్టిక్కర్ గోటితో లేస్తోందా, పోత అంచులు గరుకుగా ఉన్నాయా? పాత పార్టు వెంట తీసుకెళ్లి రెండు చేతుల్లో పట్టుకుని బరువు పోల్చండి. నకిలీ ప్లగ్గులు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లే ఎక్కువగా తిరుగుతాయి.

ఏడో పని: బిల్లు, పాత సామాను అడగండి

వీలైతే పార్టు మీరే కొని మెకానిక్‌కి ఇవ్వండి. అతనే తెస్తానంటే ముందే నవ్వుతూ ఒక మాట వేయండి: "భాయ్, పురానా పార్ట్ ఔర్ నయే కా డబ్బా, దోనోఁ దే దేనా." అంటే పాత పార్టు, కొత్తదాని డబ్బా రెండూ ఇచ్చెయ్ అని. ఈ ఒక్క మాటతో సగం గోల తప్పుతుంది.

బిల్లులో కంపెనీ పేరు, పార్ట్ నంబర్, తేదీ, గ్యారంటీ ఎన్ని నెలలో రాయించండి. వ్యాట్ 5 శాతం ధరలో కలిసిందో లేదో ముందే అడగండి. ఎలక్ట్రికల్ సామాను వెనక్కి తీసుకోం అనే షాపులు చాలా ఉంటాయి, కొనేముందే తెలుసుకోవాలి. పార్టు నకిలీదని తేలి షాపువాడు వినకపోతే ఒమన్‌లో వినియోగదారుల రక్షణ సంస్థ ఉంది. అక్కడికి వెళ్లాలంటే చేతిలో బిల్లు ఉండాలి.

ఎనిమిదో పని: బిగించాక వదిలేయకండి

కొత్త బ్రేక్ ప్యాడ్లు వేశాక మొదటి 300 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయకుండా మెల్లగా కూర్చోనివ్వండి, అప్పటిదాకా అమరాత్ కొండ దారి మానుకోండి. టైర్లు విప్పి బిగించి ఉంటే ఒకటి రెండు రోజులయ్యాక నట్లు మళ్లీ బిగించి చూడాలి. కూలింగ్ పని అయితే మర్నాడు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి, తగ్గితే కిలోమీటర్లతో సహా రాసుకుని గ్యారేజీకి వెళ్లండి. బిల్లులన్నీ ఒక ఫైల్లో, ప్రతిదాని మీదా ఆ రోజు మీటర్ రీడింగ్ వేసి, గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి.