భిన్నాల పాఠం తెరిచి చూడు

చిరంజీవి అమ్మడికి,

నాలుగో గ్రేడుకి కొత్త లెక్కల పుస్తకం ఎంచే కమిటీలో నిన్ను వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఇది చిన్న పని అనుకోకు. ఒకసారి కొన్నాక చాలా ఏళ్ళు అదే పుస్తకం నడుస్తుంది. ఇప్పుడు కిండర్‌గార్టెన్‌లో ఉన్న పిల్లలు నీ గదికి వచ్చేసరికి కూడా బల్లల మీద అదే ఉంటుంది. అందుకే పెద్ద ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

పుస్తకాలు అనుసరించాల్సిన ప్రమాణాలు ఎందుకు పుట్టాయో ముందు మనసులో పెట్టుకో. 1990లలో దేశదేశాల పాఠ్యాంశాలను పోల్చి చూసినవాళ్ళకి అమెరికా లెక్కల్లో అంశాలు ఎక్కువగా, లోతు తక్కువగా కనిపించాయి. ప్రతి గ్రేడులోనూ అన్నీ కాసేపు ముట్టుకోవడం, మళ్ళీ మరుసటేడు మొదటికి రావడం. 2010 జూన్‌లో రాష్ట్రాల గవర్నర్ల సంఘం, విద్యాశాఖల ప్రధానాధికారుల మండలి కలిసి కామన్ కోర్ ప్రమాణాలు విడుదల చేసినప్పుడు, లెక్కల భాగం రాసిన విలియం మెకాలం, ఫిల్ డారో, జేసన్ జింబా సరిదిద్దబోయింది ఈ లోపాన్నే. మన న్యూజెర్సీ ఆ ఏడే వాటిని తీసుకుని, 2016లో సొంత పేరు పెట్టుకుంది. లెక్కల వరకు ఏ గ్రేడులో ఏది అన్న క్రమం చాలామటుకు అదే. వాటి సారం ఇదే: కొన్ని విషయాలే తీసుకుని లోతుగా నేర్పాలి, ఒక ఏడు నేర్పినదాని మీద మరుసటేడు కట్టాలి. అర్థం కావడం, చేయి తిరగడం, నిజమైన లెక్కలో వాడుకోవడం, ఈ మూడింటిలో ఏదీ తగ్గకూడదు.

మరి పుస్తకాలు? ప్రమాణాలు వచ్చీరాగానే అట్టల మీద ‘కామన్ కోర్‌కి అనుగుణం’ అన్న ముద్రలు వెలిశాయి. లోపల మాత్రం చాలావాటిలో పాత పాఠాలే. వెనక పేజీల్లో ఏ ప్రమాణానికి ఏ పాఠమో చూపే పట్టిక ఒకటి చేర్చేవారు. ఆ పట్టికను నమ్ముకోకు. ప్రమాణం పేరు ఒక పాఠం పక్కన రాసి ఉన్నంత మాత్రాన అందులో అడిగింది పిల్లలు నేర్చుకుంటారని కాదు.

నువ్వు ముందు చేయవలసింది ఒకటి. భిన్నాలు తీసుకో. మూడు, నాలుగు, అయిదు, ఆరు గ్రేడుల పుస్తకాలు నాలుగూ పక్కపక్కన పెట్టుకుని, భిన్నాల పాఠాలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా చదువు. మూడో గ్రేడులో భిన్నం అంటే సంఖ్యారేఖ మీద ఉండే ఒక సంఖ్య అని పిల్లలకి తెలియాలి. రంగు వేసిన పిజ్జా ముక్కలతోనే పాఠం అంతా గడిపేసి, సంఖ్యారేఖను ఒక్క పేజీతో సరిపెట్టిన పుస్తకమైతే అక్కడే అనుమానించు. ముక్కలు లెక్కపెట్టడమే నేర్చిన పిల్లకి 5/4 అంటే ఏమిటో అంతుపట్టదు. నాలుగో గ్రేడులో సమాన భిన్నాలు, హారాలు వేరైన భిన్నాల్లో ఏది పెద్దదో చెప్పడం, హారాలు ఒకటే అయితే కూడిక, తీసివేత, భిన్నాన్ని పూర్ణసంఖ్యతో గుణించడం. హారాలు వేరైనప్పటి కూడిక అయిదులో, భిన్నాన్ని భిన్నంతో భాగించడం ఆరులో. నాలుగో గ్రేడు పుస్తకం తొందరపడి అయిదో గ్రేడు కూడికను దూరుస్తోందా? మరుసటేడు పుస్తకం నిరుడు నేర్పిన సంఖ్యారేఖ నుంచే మొదలుపెడుతోందా, అసలు ఆ ఊసే లేకుండా కొత్త సూత్రం ఒకటి చేతిలో పెడుతోందా? ఇవి చూస్తే ఆ పుస్తకం రాసినవాళ్ళు ప్రమాణాలు చదివి రాశారో లేదో నీకే తెలిసిపోతుంది.

ఇక్కడ మనలాంటివాళ్ళం కాస్త జాగ్రత్తగా ఉండాలి. మనం భిన్నాల కూడిక అనగానే క.సా.గు. తీసి పెరిగాం. అయిదో గ్రేడు ప్రమాణం అది అడగదు. రెండు హారాలనూ గుణించి ఉమ్మడి హారం తెచ్చుకున్నా సరిపోతుంది. క.సా.గు. ఆరో గ్రేడులో వస్తుంది. మనకి అలవాటైన పద్ధతి కనబడలేదని మంచి పుస్తకానికి మార్కులు తగ్గించకు.

ప్రతి పాఠంలోనూ ఇచ్చిన లెక్కలు పెన్సిల్ పట్టుకుని నువ్వే చెయ్యి. కమిటీల్లో ఎవరూ చెయ్యని పని ఇది. పిల్ల ఆలోచించాల్సింది పుస్తకమే చెప్పేసి, ఖాళీలో ఒక అంకె మాత్రం నింపమంటోందేమో అప్పుడే బయటపడుతుంది. లెక్కలోని కథ ఎంత బరువైన ఇంగ్లీషులో ఉందో కూడా చూడు. మొన్ననే గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన పిల్లాడికి లెక్క వచ్చినా ప్రశ్న అర్థం కాక ఆగిపోతాడు. అలాంటి పిల్లలకి ఏం చెయ్యాలో టీచర్ల పుస్తకంలో నిజంగా పనికొచ్చే మాట ఉందా, నాలుగు తీపి వాక్యాలతో సరిపెట్టారా?

గ్రేడుకి చెందనివి పట్టుకోవడం తేలిక. సంభావ్యత ఏడో గ్రేడుది, సగటు, మధ్యగతం ఆరో గ్రేడువి. మూడో గ్రేడు పుస్తకంలో వీటికి అధ్యాయాలు ఉంటే ఆ రోజులన్నీ గుణకారం నుంచి తీసుకున్నవే. ఏడాదిలో 65 నుంచి 85 శాతం కాలం ఆ గ్రేడు ముఖ్యాంశాలకే పోవాలని, చిన్న తరగతుల్లో అది 85 వైపు ఉండాలని ప్రమాణాలు రాసినవాళ్ళు ప్రచురణకర్తలకి ఇచ్చిన సూచనల్లో ఉంది.

ఎడ్‌రిపోర్ట్స్ సమీక్షలు చదువు. లాభాపేక్ష లేని ఆ సంస్థ పనిచేసే టీచర్ల చేతే పుస్తకాలు పరీక్ష చేయిస్తుంది. 2015లో తొలి విడత ఫలితాలు వచ్చినప్పుడు, చూసిన ఇరవై దాకా పుస్తకాల వరుసల్లో అన్ని గ్రేడులలోనూ గట్టెక్కింది ఒక్క యురేకా మ్యాథ్. ప్రచురణకర్తలు అభ్యంతరం చెప్పారు, సంస్థ కూడా తన పద్ధతిని కొంత మార్చుకుంది. అయితే ఆ సమీక్ష ప్రధానంగా తూచేది పుస్తకం ప్రమాణాలతో పొసుగుతుందా లేదా అన్నదాన్ని. నీ గదిలో పిల్లలు దాంతో ఎంత నేర్చుకుంటారన్నది నువ్వు నడిపి చూస్తే గాని తెలియదు. కాబట్టి కొనే ముందు రెండు బడుల్లో ఒక యూనిట్ పూర్తిగా నడిపి చూడనివ్వమని పట్టుబట్టు. మన దగ్గర తుది మాట డిస్ట్రిక్ట్ బోర్డుదే, ఎవరో రాసిచ్చిన జాబితాకి కట్టుబడనక్కర్లేదు.

ధర చూసి నాణ్యతను అంచనా కట్టకు. న్యూయార్క్ రాష్ట్రం ఎంగేజ్‌ఎన్‌వై పేరుతో పాఠాలన్నీ ఉచితంగా పెట్టింది. యురేకా మ్యాథ్ వచ్చింది అక్కడి నుంచే. ఉచితమన్నా అచ్చు ఖర్చు, టీచర్ల శిక్షణ ఖర్చు ఉంటాయి, అవి ముందే అడుగు.

మన తల్లిదండ్రులు ‘ఈ కొత్త లెక్కల్లో ఎక్కాలు ఎత్తేశారటగా’ అని నిన్ను నిలదీస్తారు. ఎత్తెయ్యలేదు. మూడో గ్రేడు అయ్యేసరికి ఒంటి అంకెల గుణకారాలన్నీ నోటికి రావాలని ప్రమాణంలోనే స్పష్టంగా రాసి ఉంది. మనకి తెలిసిన నిలువు గుణకారం అయిదో గ్రేడులో, పెద్ద భాగహారం ఆరులో వస్తాయి, అంతే. ఇంటికి పంపే కాగితాల్లో ఈ సంగతి తల్లిదండ్రులకి తెలిసే భాషలో చెప్పిన పుస్తకానికి నేనైతే ఒక మెట్టు ఎక్కువే వేస్తాను.

పుస్తకం వచ్చాక కూడా ఒక బెంగ ఉంటుంది. ఆదివారం రాత్రి అక్కడొకటి ఇక్కడొకటి వర్క్‌షీట్లు దించుకుని మధ్యలో దూర్చడం టీచర్లందరికీ అలవాటు. కనీసం మొదటి ఏడాది పాఠాల వరుస చెడగొట్టకుండా నడపండి.

కమిటీ ముందున్న పుస్తకాల భిన్నాల పాఠాలు నాకూ పంపు. శనివారం మధ్యాహ్నం ఇద్దరం ఫోన్లో కూర్చుని ఒక్కొక్కటీ చేద్దాం. నాలుగో గ్రేడువి ముందు పంపు.

మీ పిన్ని