పాయింటర్ మారితే పదార్థం మారుతుందా?

సి భాషను 1970ల తొలి సంవత్సరాల్లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో డెన్నిస్ రిచీ రూపొందించారు. యూనిక్స్ కెర్నెల్‌ను 1973లో ఈ భాషలోనే తిరగరాశారు. మెమరీని మన చేతికి నేరుగా అందివ్వడం ఈ భాష గొప్పతనం. విద్యార్థులను తికమక పెట్టేదీ అదే. స్ట్రక్చర్ మెమరీలో ఎలా సర్దుకుంటుంది? పాయింటర్‌ను కాస్ట్ చేస్తే ఏం జరుగుతుంది? ఈ రెంటినీ మనలో చాలామందిమి పరీక్ష కోసం బట్టీపట్టి, హాలు దాటగానే మరిచిపోతాం. రెండూ కలిసేచోట ఎంత ప్రమాదం పొంచి ఉందో ఒక ఉదాహరణతో వివరించడానికి ప్రయత్నిస్తాను.

స్ట్రక్చర్‌లో గట్లు

ఒక బైటు అక్షరం, తర్వాత నాలుగు బైట్ల పూర్ణాంకం, మళ్ళీ ఒక బైటు అక్షరం ఉన్న స్ట్రక్చర్ తీసుకుందాం. కూడితే 6 బైట్లు. కాని సైజాఫ్‌ను అడిగితే మామూలు యంత్రాల్లో 12 అని చెబుతుంది. తక్కిన ఆరూ ఎక్కడివి?

నాలుగు బైట్ల పూర్ణాంకం 4తో భాగింపబడే చిరునామాలో ఉంటే ప్రాసెసర్‌కు సులువు. అందుకని మొదటి అక్షరం తర్వాత కంపైలర్ 3 బైట్లు ఖాళీగా వదులుతుంది. అర్రేలో పక్క స్ట్రక్చర్ కూడా సరైనచోట మొదలవ్వాలి కనుక చివర మరో 3 వదులుతుంది. దీన్నే ప్యాడింగ్ అంటారు. రైతుబిడ్డను కనుక నాకిది పొలం గట్టులా తోస్తుంది. గట్టు మీద పైరుండదు, కాని చోటు తింటుంది. పూర్ణాంకాన్ని ముందు పెట్టి అక్షరాలు రెంటినీ వెనక రాస్తే అదే సమాచారం 8 బైట్లలో సరిపోతుంది. ఆ వరస మార్చే పని మాత్రం మనదే, కంపైలర్ దాని జోలికి పోదు.

కాస్టింగ్ సంగతి

3.7ను పూర్ణాంకానికి కాస్ట్ చేస్తే 3 వస్తుంది. ఇక్కడ విలువే మారింది. పాయింటర్‌ను కాస్ట్ చేసినప్పుడు అలా కాదు. మెమరీలోని బైట్లలో ఒక్కటీ మారదు, మనం చదివే తీరు మారుతుందంతే. అడంగల్‌లో వరి కొట్టేసి మినుము అని రాస్తే చేలో పైరు మారుతుందా? 1.0 అనే ఫ్లోట్ విలువకున్న నాలుగు బైట్లనే పూర్ణాంకమనుకుని చదివితే అది 106,53,53,216 అవుతుంది! అసలు ఇలా ఒక రకం వస్తువును వేరే రకం పాయింటర్‌తో చదివితే ఫలితానికి భాష పూచీపడదు. క్యారెక్టర్ పాయింటర్‌కు మాత్రం మినహాయింపు ఉంది. దానితో దేన్నైనా బైటు బైటుగా చూడవచ్చు.

బొమ్మ ఫైలు చెప్పే పాఠం

బీఎంపీ బొమ్మ ఫైలు మొదట్లో 14 బైట్ల శీర్షిక ఉంటుంది. గుర్తు 2, ఫైలు పరిమాణం 4, వాడని గళ్ళు రెండు (2, 2), బొమ్మ ఎక్కడ మొదలవుతుందో చెప్పే సంఖ్య 4. ఫైల్లో గట్లు లేవు. ఇదే వరసలో స్ట్రక్చర్ రాస్తే గుర్తు తర్వాత 2 బైట్ల గట్టు పడి 16 అవుతుంది. ఫైలు నుంచి 16 బైట్లు తెచ్చి తిన్నగా అందులో పోశామనుకోండి. అక్కడినుంచి ప్రతి గడీ రెండు బైట్లు పక్కకు జరుగుతుంది. 64 కిలోబైట్ల లోపు ఫైలైతే పరిమాణం సున్నా అని వస్తుంది. మామూలు 24 బిట్ల బొమ్మకు 54 రావలసినచోట, తర్వాతి శీర్షికలోని 40 చొరబడి 26,21,440 వస్తుంది. కంపైలర్ కిమ్మనదు, ప్రోగ్రాం ఆగదు. తప్పు లెక్క ఒప్పులాగే దర్జాగా తెరమీద కనిపిస్తుంది. అసలు భయపడవలసింది దీనికే. బొమ్మ చెడితే మళ్ళీ తెరుస్తాం, రోగికిచ్చే మందు మోతాదు ఇలా జరిగిపోతే?

మరి ఏం చేయాలి?

ఫైలు నుంచి 14 బైట్లను అన్‌సైన్డ్ క్యారెక్టర్ అర్రేలోకి తెచ్చుకోవాలి. రెండో బైటు, మూడోదాన్ని 256తో, నాలుగోదాన్ని 65,536తో, అయిదోదాన్ని 1,67,77,216తో హెచ్చించి కూడితే పరిమాణం వస్తుంది (లెక్క సున్నా నుంచి మొదలు). ఏ యంత్రంలోనైనా ఈ పద్ధతి చెల్లుతుంది. గట్లు తీసెయ్యమని చెప్పే ఆదేశాలు కొన్ని కంపైలర్లలో ఉన్నా, అవి భాషా ప్రమాణంలో లేవు. ఏ గడి ఎక్కడుందో ఊహించకుండా ఆఫ్‌సెటాఫ్‌ను అడగడం మంచిది.

మిత్రులారా! ఈసారి లాబుకు వెళ్ళినప్పుడు ఒక స్ట్రక్చర్ రాసి, ముందు కాగితం మీద గళ్ళు గీసి, గట్లు ఎక్కడ పడతాయో గుర్తుపెట్టండి. ఆ తర్వాతే యంత్రాన్ని అడగండి. రెండు లెక్కలూ కలిసిన రోజున పాయింటర్ అంటే భయం పోతుంది, దానిపట్ల ఉండవలసిన జాగ్రత్త మాత్రం మనతోనే ఉండిపోతుంది.