పెంకు కథ పేగులో మొదలు

బజారు నుంచి డజను కోడిగుడ్లు తెస్తే ఒకటో రెండో దారిలోనే చిట్లిపోవడం మీరు చూసే ఉంటారు. కొన్ని మాత్రం గిన్నె అంచుకు రెండుసార్లు కొట్టినా పగలవు. ఎందుకీ తేడా?

గుడ్డు పెంకులో నూటికి సుమారు 94 పాళ్ళు కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలో ఉండేదీ ఇదే. కోడి గర్భాశయంలో పెంకు తయారవడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. ఒక్క పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. అంటే కోడి ఒంట్లో ఉన్న మొత్తం కాల్షియంలో పదోవంతు! అందుకే దాణాలో సున్నపురాయి పొడి, ఆల్చిప్పల పొడి కలుపుతారు. అయితే తిన్న కాల్షియమంతా పెంకుకు చేరదు. పేగు గోడ పీల్చుకొని రక్తంలోకి పంపినదే చేరుతుంది. కనుక పేగు ఆరోగ్యంగా ఉండాలి.

కోడి పేగులో కోట్లాది బాక్టీరియా నివసిస్తాయి. వాటిలో మేలు చేసేవీ ఉన్నాయి, కీడు చేసేవీ ఉన్నాయి. తల్లికోడి వెంట తిరిగే పిల్ల నేలను పొడుస్తూ మంచి బాక్టీరియాను సంపాదించుకుంటుంది. యంత్రంలో పొదిగిన పిల్లకు ఆ అవకాశం తక్కువ. ఖాళీ ఇంట్లో ముందు చేరినవాడిదే పెత్తనం కదా!

1973లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు నుర్మి, రంటాలా ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్ళ పేగులలోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు ఇచ్చారు. ఆ తరువాత సాల్మొనెల్లా అనే హానికర బాక్టీరియాను ఇచ్చి చూశారు. మంచి బాక్టీరియా ముందే చేరిన పిల్లలు దాన్ని చాలావరకు తట్టుకున్నాయి.

ఇలా మేలు కోసం దాణాలో కలిపే సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయాటిక్‌లు అంటారు. లాక్టోబాసిల్లస్ వీటిలో ఒకటి. పాలను పెరుగుగా మార్చే బాక్టీరియా ఈ కుటుంబానిదే. అది పేగులో కూడా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆమ్లం ఉన్నచోట చాలా హానికర బాక్టీరియా పెరగలేవు. కాల్షియం కరగడానికీ ఆమ్లం తోడ్పడుతుంది.

వీటి అవసరం పెరగడానికి మరో కారణముంది. కోళ్ళు త్వరగా ఎదగాలని దాణాలో యాంటీబయాటిక్ మందులను కొద్దికొద్దిగా కలిపే అలవాటు చాలా దేశాలలో ఉండేది. దానివల్ల మందుకు లొంగని బాక్టీరియా పుట్టుకొస్తాయి. అవి మనుషులకు సోకితే, ప్రాణం కాపాడవలసిన మందే పనిచేయదు. అందుకే యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌లు కలపడాన్ని నిషేధించింది.

మరి ప్రోబయాటిక్ ఇస్తే పెంకు గట్టిపడుతుందా? కొన్ని ప్రయోగాలలో పెంకు మందం పెరిగింది. మరికొన్నింటిలో తేడా కనిపించలేదు. ఏ రకం బాక్టీరియా, ఎంత మోతాదు, కోడి వయసెంత అన్నవాటిని బట్టి ఫలితం మారుతుంది.

ఒక రైతు ఎండాకాలం చివర ఈ పొడి వాడాడనుకోండి. వానలు పడ్డాక గుడ్లు గట్టిపడ్డాయి. ఘనత పొడిదేనా? ఎండకు రొప్పే కోడి పెంకు పలచబడుతుంది. చల్లబడితే దానంతటదే బాగుపడవచ్చు! అందుకే ఒకే వయసు, ఒకే జాతి కోళ్ళను రెండు గుంపులు చేయాలి. దాణా, పాక ఒకేలా ఉండాలి. ఒక గుంపుకు మాత్రమే పొడి ఇవ్వాలి. అప్పుడు పెంకుల మందాన్ని స్క్రూగేజితో కొలిచి పోల్చాలి.

మీరూ ఒక పరీక్ష చేయండి. తాజా గుడ్డును, పది రోజులు బయట ఉంచిన గుడ్డును వేరువేరు పళ్ళేలలో పగలగొట్టండి. పచ్చసొన పక్కన తెల్లసొన ఎత్తును స్కేలుతో కొలవండి. పాత గుడ్డులో తెల్లసొన పలచబడి పరుచుకుంటుంది. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు చెప్పండి: రెండు గుంపుల గుడ్లను పోల్చేటప్పుడు అవి ఒకేరోజు పెట్టినవై ఉండాలని ఎందుకంటాం?