విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది: షాపులో, ఆఫీసులో ముందు ఏం చూసుకోవాలి?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అయినా చాలా షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో ఇంకా అదే నడుస్తోంది. "బాగానే పనిచేస్తోంది కదా, ఎందుకు మార్చాలి?" అని నన్ను అడిగేవాళ్లే ఎక్కువ. నిజమే, ఆ తేదీ దాటినంత మాత్రాన పీసీ ఆగిపోదు. ఆగిపోయేది ప్రతి నెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్. డిఫెండర్ యాంటీవైరస్‌కి మాత్రం వైరస్ సమాచారం ఇంకా వస్తుంది కాబట్టి చాలామంది ధీమాగా ఉన్నారు. కానీ విండోస్‌లోనే ఉన్న కన్నాన్ని యాంటీవైరస్ పూడ్చలేదు.

2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా దెబ్బ తగిలింది. ఆ లోపానికి విండోస్ 7 ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. అప్పటికే సపోర్ట్ అయిపోయిన ఎక్స్‌పీకి మాత్రం దాడి మొదలయ్యాక గానీ అందరికీ ఇవ్వలేదు. ప్రతిసారీ అలా ఇస్తారని నమ్ముకోలేం.

సరే, విండోస్ 11 వేసేద్దాం అంటారా? ఆగండి. నా అనుభవంలో ఇబ్బంది పెట్టేది విండోస్ కాదు, దానికి వేలాడుతున్న పాత సాఫ్ట్‌వేర్. తెలిసినవాళ్ల మందుల హోల్‌సేల్ షాపులో ఏడు పీసీలు చూశాను. ఆరింటితో పెద్ద పని లేదు. ఏడోదాంట్లో డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రో బిల్లింగ్ ఉంది, రోజంతా బిల్లులు అందులోనే. అలాంటి 16 బిట్ ప్రోగ్రామ్ 32 బిట్ విండోస్‌లోనే నేరుగా నడుస్తుంది. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు! సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి "సిస్టమ్ టైప్" దగ్గర ఏముందో చూడండి. అక్కడ 32 బిట్ అని ఉంటే మామూలు అప్‌గ్రేడ్ కుదరదు, మొత్తం తుడిచి కొత్తగా వేయాల్సిందే.

అందుకే ముందు కాగితం మీద ఒక లిస్టు రాయండి: ఏ పీసీలో ఏ సాఫ్ట్‌వేర్, ఏ ప్రింటర్, ఏ డిజిటల్ సంతకం టోకెన్, ఎవరు వేశారు, ఆ మనిషి ఇప్పుడు ఫోన్ ఎత్తుతాడా. చివరి ప్రశ్న నవ్వులాటకు కాదు.

తర్వాత హార్డ్‌వేర్. ఇంటెల్ అయితే దాదాపు 8వ జనరేషన్ నుంచి, టీపీఎం 2.0, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే కొత్త పీసీ కొనకండి, చాలా బోర్డుల్లో అది బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది.

డబ్బు కట్టి అప్‌డేట్స్ తెచ్చుకునే దారి కూడా ఉంది. వ్యాపార సంస్థలకు మైక్రోసాఫ్ట్ మామూలు ధర ఒక్కో పీసీకి మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. రెండో ఏడాది చేరతానంటే మొదటి ఏడాదిది కూడా కట్టాలి. ఏడు పీసీలకు మూడేళ్లంటే 2,989 డాలర్లు! నన్నడిగితే, మార్చడానికి ఏడాది టైమ్ కావాల్సిన ఒకటి రెండు పీసీలకే ఇది దండగ కాదు. ఇళ్లలో వాడే పీసీలకు ఇచ్చిన పొడిగింపు వేరు, దాన్ని షాపు లెక్కలో వేసుకోకండి.

ఆఫీస్ 2016, 2019లకు కూడా అదే అక్టోబర్ 14 ఆఖరు, వాటికి పొడిగింపే లేదు. ఆఫీస్ 2021 గడువు 2026 అక్టోబర్ 13. బిల్లింగ్ వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 ఉంటే దాని గడువు 2026 జూలై 14. ఫ్రీగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌కీ ఇదే తేదీ. సాఫ్ట్‌వేర్ వేసినవాళ్లను ఈ ప్రశ్న సూటిగా అడగండి.

మార్చే రోజు నెలలో 11, 20 తేదీల దగ్గర పెట్టుకోకండి, జీఎస్టీ రిటర్నుల హడావిడి ఉంటుంది. మార్చి నెలాఖరు అసలే వద్దు. ముందు బ్యాకప్ తీసి, దాన్ని వేరే పీసీలో తెరిచి పాత బిల్లు ఒకటి ప్రింట్ అవుతుందో లేదో చూడండి. కనీసం వారం పాటు పాత పీసీని పక్కనే ఉంచండి.

ఆ ఫాక్స్‌ప్రో పీసీ సంగతా? డేటా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కేదాకా దానికి నెట్ కేబుల్ పీకేశాం, పెన్‌డ్రైవ్‌లు పెట్టడం మాన్పించాం. రోజు చివర బిల్లుల ప్రింట్ చూసి లెక్కలు పక్క పీసీలో కొడుతున్నారు.